పద్నాలుగు గడ్డాలు

మా మామయ్య కంట్లో శుక్లం ఉందని కనిపెట్టింది డాక్టరు కాదు, కండక్టరు గారు.

ఒకరోజు పొద్దున మామయ్య చేత గడ్డం గీయించుకుని లేచి, అద్దంలో ముఖం అటూ ఇటూ తిప్పి చూసుకున్నారాయన. కుడి చెంప దగ్గర జుట్టు చెవి తమ్మె దాకా ఉంది. ఎడమ పక్కది చెవి మొదట్లోనే ఆగిపోయింది.

"ఏమయ్యా, నా తల ఏమైనా పక్కకి ఒరిగిందా?" అన్నారు.

"లేదండీ, నిటారుగానే ఉంది."

"అయితే నీ కన్నే ఒరిగింది. పద, డాక్టరు దగ్గరికి."

ఆయన ముప్పై రెండేళ్ళు సిటీ బస్సులో టికెట్లు కొట్టి రిటైరైన మనిషి. ఆయన "పద" అంటే అంత పెద్ద బస్సే కదిలేది, ఇక మామయ్య ఎంత! వారం తిరక్కుండా కంటి ఆసుపత్రికి వెళ్ళాం. నేను చదువు కోసం మామయ్య ఇంట్లో మేడ మీది గదిలో ఉంటున్నాను కాబట్టి కాగితాలు మొయ్యడం, ఇంగ్లీషులో ఉన్నవి చదివి పెట్టడం నా వంతు.

మామయ్యది ఇంటి కిందే చిన్న సెలూన్. రెండు కుర్చీలు ఉన్నా ఒకదాని స్ప్రింగు పోయి పదేళ్ళయింది. దాని మీద పాత పేపర్లు కూర్చుంటాయి. రెండోదాని తోలు చిరిగినా ఇనుము గట్టిది. కాలితో తొక్కితే లేస్తుంది, వెనక్కి వాలిస్తే పడక అవుతుంది. ఎదురుగా గోడంత అద్దం, దాని కింద చెక్క మీద కత్తెరలు, దువ్వెనలు, సబ్బు బ్రష్షు, నీళ్ళ సీసా, పటిక రాయి. వెనక ఐదుగురు పట్టే బల్ల మీద పొద్దున ఏడింటికి ఎనిమిది మంది ఇరుక్కుని కూర్చుంటారు. నెలకోసారి జుట్టు కత్తిరించుకోవడానికి వచ్చేవాళ్ళు ఎందరో ఉన్నారు గానీ, రోజూ గడ్డానికి వచ్చేవాళ్ళు మాత్రం పద్నాలుగు మందే. మామయ్య వాళ్ళని మనుషుల లెక్కన చెప్పడు. "ఇవాళ పన్నెండు గడ్డాలే వచ్చాయి, రెండు ఊరెళ్ళాయి" అంటాడు అత్తయ్యతో.

కంటి ఆపరేషనుకి ముందు రక్తపరీక్ష చేశారు. మర్నాడు మళ్ళీ రమ్మన్నారు. శుక్లం సంగతి తర్వాత చూద్దామనీ, రక్తంలో హెపటైటిస్ సి ఉన్నట్టు కనిపిస్తోందనీ, ముందు లివరు డాక్టరుకి చూపించుకోమనీ చెప్పి ఒక చీటీ చేతిలో పెట్టారు.

మామయ్య ఆ చీటీని కంటికి దగ్గరగా పెట్టుకుని, దూరంగా జరిపి, మళ్ళీ దగ్గరగా పెట్టుకుని చూశాడు.

"కంటి డాక్టరు కదమ్మా ఈయన. రక్తంలోకి ఎందుకు చూశాడు?" అన్నాడు.

ఇంటికొచ్చేదాకా ఇంకో మాట లేదు. ట్రాఫిక్ లైటు దగ్గర ఆగినా పక్కవాణ్ణి పలకరించి అతని సంసారం సంగతులు తెలుసుకునే మనిషి, అంత దూరం నోరు విప్పకుండా రావడం నేనెప్పుడూ చూళ్ళేదు.

అత్తయ్య మాత్రం వినగానే ఆయన రెండు కనురెప్పలూ కిందికి లాగి చూసింది. "పచ్చగా లేవే! మొన్న ఉతికిన తుండులా తెల్లగా ఉన్నాయి. వాళ్ళు ఎవరి రక్తమో చూసి ఉంటారు" అంది.

"పేరు నాదేనే."

"పేరు మీదైతే మాత్రం? మొన్న కరెంటు బిల్లు మీద మీ పేరుండి పక్కింటి మీటరు రాలేదూ?"

అంత ధైర్యంగా చెప్పిందా, ఆ మధ్యాహ్నమే మామయ్య తన కంచం, గ్లాసు, చెంచా వేరుగా తీసి కిటికీలో పెట్టుకున్నాడు. దిండూ దుప్పటీ ముందుగదిలోకి మార్చుకున్నాడు. నేను ఎదురుపడితే ముక్కూ నోరూ తుండుతో మూసుకుని పక్కకి తప్పుకుంటున్నాడు. అత్తయ్య రెండు రోజులు చూసింది. మూడో రోజు, "ముందుగది ఎవరికైనా అద్దెకిచ్చారా? ఒకాయన దిగాడు, మనతో మాట్లాడడు" అంది నాతో, ఆయనకి వినపడేలా.

రెండో పరీక్ష, లివరు స్కాను అయ్యాక డాక్టరమ్మ మా ముగ్గుర్నీ ఎదురుగా కూర్చోబెట్టుకుంది. మామయ్య కంటే చాలా చిన్నది, కానీ మాటలో తొందర లేదు. మామయ్య ముందుగా తనే అడిగేశాడు.

"నేను ఎన్నాళ్ళుంటానమ్మా?"

"ఎక్కడ?"

"ఇక్కడే... భూమ్మీద."

"అది నాకు తెలీదండీ. దీనివల్ల మాత్రం ఇప్పట్లో పోరు" అంది డాక్టరమ్మ, నవ్వకుండా. "రక్తంలో వైరస్ ఉంది. కానీ లివరు ఇంకా మెత్తగానే ఉంది, గట్టిపడలేదు. పన్నెండు వారాలు రోజుకో మాత్ర. దాదాపు అందరికీ పూర్తిగా పోతుంది. పోయిందో లేదో ఆ తర్వాత ఇంకో మూడు నెలలాగి చూస్తాం."

"అంతేనా?" అంది అత్తయ్య. "నేనింకా ఏదో కోస్తారనుకున్నాను."

"ఎవరి నుంచి వచ్చిందమ్మా నాకు?"

"చెప్పలేం. చిన్నప్పుడు వేసిన సూది కావచ్చు, ఎవరిదో బ్లేడు కావచ్చు. ఇరవై ఏళ్ళ నుంచీ మీకు తెలియకుండానే ఉండి ఉండొచ్చు. వెనక్కి వెతుక్కుంటూ కూర్చోకండి."

ఇంట్లో వేరు కంచం అక్కర్లేదంది. కలిసి తిన్నా, పక్కన కూర్చున్నా, దగ్గినా తుమ్మినా రాదు, రక్తం రక్తానికి తగిలితేనే వస్తుంది, అందుకని రేజరు, పళ్ళ బ్రష్షు, గోళ్ళు తీసుకునేది మాత్రం ఎవరివి వాళ్ళకే ఉండాలంది. అత్తయ్యకి కూడా పరీక్ష చేశారు, ఏమీ లేదు.

"చూశారా! మీకంటూ ఏదైనా వస్తే నాకివ్వకుండా దాచుకోవడం మీకు మొదట్నించీ అలవాటే" అంది అత్తయ్య. మామయ్య పది రోజుల తర్వాత మొదటిసారి పళ్ళు కనిపించేలా నవ్వాడు.

ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. డాక్టరమ్మ కాగితం మీద ఏదో రాస్తూ, "ఏం పని చేస్తారు?" అంది.

"సెలూనండీ. కానీ మీరు దాని గురించి బెంగ పెట్టుకోకండి" అని మామయ్య ఛాతీ కాస్త ముందుకి తెచ్చాడు. "మనిషికో బ్లేడు. ముప్పై ఏళ్ళుగా ఒక్క రోజు, ఒక్క మనిషికి కూడా తప్పలేదు. కావాలంటే మా వీధిలో ఎవర్నైనా అడగండి."

"చాలా మంచి పని. మరి గాటు పడితే?"

"పటిక రుద్దుతాను, టక్కున ఆగిపోతుంది."

"ఎవరి పటిక?"

మామయ్య ముందుకి తెచ్చిన ఛాతీ వెనక్కి పోయింది.

షాపు పటిక. నాలుగేళ్ళ కిందట కొన్నప్పుడు ఇటుకంత ఉండేది. రుద్ది రుద్ది సబ్బుబిళ్ళంత అయింది. అద్దం కింద మెరుస్తూ, తడితడిగా ఎప్పుడూ అక్కడే ఉంటుంది. పొద్దున షట్టరు ఎత్తగానే మామయ్య ముందు తన గడ్డం తనే గీసుకుంటాడు. శుక్లం ముదిరాక గాట్లు ఎక్కువయ్యాయి. గాటు పడ్డప్పుడల్లా ఆ రాయే. తర్వాత వరసగా ఒక్కో గడ్డానికీ ఆ రాయే. బ్లేడు గురించి అంత జాగ్రత్త పడ్డ మనిషికి, రాయి కూడా ఒకరి చర్మం నించి ఇంకొకరి చర్మానికి పోతోందని ముప్పై ఏళ్ళలో తట్టలేదు. అది మందు అనుకున్నాడు.

"దానివల్ల వచ్చే అవకాశం చాలా తక్కువ. కానీ అసలు రాదని నేను చెప్పలేను. మీ దగ్గరికి రోజూ వచ్చేవాళ్ళు ఒక్కసారి పరీక్ష చేయించుకుంటే మంచిది. చెప్పడం మీ ఇష్టం" అంది డాక్టరమ్మ.

బయటికొచ్చాక మెట్ల మీద మామయ్య వేళ్ళు మడుస్తూ నిలబడ్డాడు. మాత్రల గురించి గానీ, లివరు గురించి గానీ ఆ తర్వాత ఆయన మాట్లాడలేదు. తనది తగ్గే జబ్బని తెలిసింది. మిగిలిందల్లా ఒక్కటే: పద్నాలుగు మంది.

"చెప్పొద్దని నేననను" అంది అత్తయ్య, ఇంటికొచ్చి ఫ్యాను కింద కూర్చున్నాక. "కానీ తెలిసే చెప్పండి. చెప్పిన మర్నాటినుంచి ఆ కుర్చీలో ఒకరోజు మీరు, ఒకరోజు నేను కూర్చోవాలి. పేపర్లు చదువుకుందాం."

మామయ్య ఆ రాయిని చెత్తలో పారేసి వచ్చి, మూడు రోజులు షాపు తియ్యలేదు. షట్టరు మీద ఒక కాగితం అంటించమన్నాడు. నేను కాస్త మర్యాదగా, నాలుగు వాక్యాల్లో రాశాను. మామయ్య చదివించుకుని, "ఇది చదివేలోపు వాళ్ళకి గడ్డం ఇంకో రెండు వేళ్ళు పెరుగుతుందమ్మా. 'సెలవు' అని రాయి చాలు" అన్నాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం కండక్టరు గారు ఇంటికే వచ్చేశారు. ఆయన్ని చూసి అత్తయ్య చేతిలో టీ గ్లాసు ఒలకబోసుకుంది. ముఖం కుడి పక్కంతా నున్నగా ఉంది, పైపెదవీ గడ్డమూ నున్నగా ఉన్నాయి, ఎడమ చెంప మాత్రం గోనెసంచిలా ఉంది.

"ఏమిటండీ ఈ అవతారం?"

"వెనకవీధి సెలూన్‌కి పోయానమ్మా, బుద్ధి తక్కువై. వాడికి నోరు లేదు. ఫోన్లో ఏదో బొమ్మ చూస్తూ గీస్తాడు. నా మోకాలి సంగతి చెప్తుంటే 'తల కదపకండి' అన్నాడు. ముప్పావు గడ్డం అయ్యాక లేచొచ్చేశాను. మధ్యలో దిగిపోవడం నా సర్వీసులో ఎప్పుడూ లేదు. ఏమయ్యా, ఏమైంది నీకు?"

మామయ్య గోడకి ఆనుకుని కింద కూర్చున్నాడు. మొత్తం చెప్పేశాడు. రక్తపరీక్ష, చీటీ, మాత్రలు, రాయి. చెప్తున్నంతసేపూ నేల వైపే చూశాడు.

కండక్టరు గారు ఎడమ చెంప గోక్కుంటూ విన్నారు. "ఎన్నాళ్ళయింది తెలిసి?" అన్నారు.

"పద్నాలుగు రోజులు."

"పద్నాలుగు రోజులు! అందులో పది రోజులు నా గొంతు నీ చేతిలో ఉంది. నా మనవరాలి మార్కుల దగ్గర్నుంచీ మా ఆవిడ కీళ్ళ దాకా నేను నీకు అన్నీ చెప్పాను. నువ్వు నాకు ఒక్క ముక్క చెప్పలేదు."

"రాయి సంగతి నాకు మొన్ననేగా తెలిసింది..."

"నేను రాయి గురించి అడగలేదు."

టీ తాగకుండా లేచి వెళ్ళిపోయారు. మామయ్య తలుపు వైపు చూస్తూ, "ఒకటో గడ్డం పోయింది" అన్నాడు.

మర్నాడు పొద్దున ఆరున్నరకి కింద ఎవరో షట్టరు మీద దబదబా బాదుతున్నారు. కిటికీలోంచి చూస్తే కండక్టరు గారు.

"ఎత్తవయ్యా షట్టరు! మిగతా పదమూడు మందికి నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా? నేను చెప్తే వీధి చివరి స్టాపు దాకా వినిపిస్తుంది, ఆలోచించుకో!"

"నేనే చెప్తానండీ బాబూ, మీరు గొంతు తగ్గించండి!" అంటూ మామయ్య లుంగీ సర్దుకుంటూ మెట్లు దిగాడు.

ఆ రోజూ ఆ తర్వాతి రెండు రోజులూ గడ్డాలు గియ్యలేదు. ఎవరు వచ్చినా మామయ్య లేచి నిలబడి, చేతులు కట్టుకుని చెప్పాడు. కుర్చీలో కూర్చోబెట్టి, తీరిగ్గా సబ్బు రాస్తూ చెప్పొచ్చు కదా అన్నాను నేను. "మెడ మీద కత్తి పెట్టి చెప్తే ఎవడైనా తలూపుతాడమ్మా. అది చెప్పడం కాదు" అన్నాడు.

రేడియోలు బాగుచేసే ఆయన, "నాకు ముందే తెలుసు" అన్నారు. ఆయనకి ఏదైనా ముందే తెలుసు, అది ఆయన అలవాటు. డ్రిల్లు మాస్టారు, "అంటే నేను గడ్డం పెంచుకోవాలా? పిల్లలు భయపడరే!" అని మూడుసార్లు అడిగారు. ఒకాయన ఏమీ అనకుండా గొడుగు తీసుకుని వెళ్ళిపోయి, గంట తర్వాత భార్యని వెంటబెట్టుకుని వచ్చి, "ఇప్పుడు మొదట్నించీ చెప్పు, ఈవిడ నా మాట నమ్మదు" అన్నాడు. ఇంకొకాయన కోపంతో ఊగిపోయాడు. నాలుగేళ్ళలో తనకి పడ్డ గాట్లన్నీ తారీఖులతో సహా ఏకరువు పెట్టాడు. మామయ్య అన్నీ విని, "అవునన్నా, అది నా చెయ్యే" అన్నాడు ప్రతిదానికీ. చివరికి ఆయనకే విసుగొచ్చి, "ఎప్పుడు రమ్మంటావు పరీక్షకి?" అన్నాడు.

పద్నాలుగో మనిషి బేకరీ ఆయన. వీధి మలుపులో వాళ్ళ దుకాణం, పొద్దున ఐదు నుంచే ఆ మలుపంతా వేడి బ్రెడ్డు వాసన. మామయ్య కంటే పదేళ్ళు చిన్న. ఎప్పుడొచ్చినా కనుబొమల మీద ఇంత పిండి ఉంటుంది, మామయ్య ముందు అది దులిపిగానీ సబ్బు పెట్టడు. ఆయన విన్నాడు, ముఖం మాడ్చుకున్నాడు.

"అన్నయ్యా, నీది కత్తి. నాది తిండి. నేను ఆ ల్యాబు మెట్లెక్కానని తెలిస్తే రేపు నా బ్రెడ్డు ముట్టుకునేదెవరు?"

"తిండి వల్ల రాదురా తమ్ముడూ. డాక్టరమ్మ చెప్పింది."

"నాకు నువ్వు చెప్పావు. వీధికి ఎవరు చెప్తారు? నన్నొదిలెయ్యి." వెళ్తూ వెళ్తూ, "నన్ను ఇందులోకి లాగకపోతే బాగుండేది" అన్నాడు.

మిగిలినవాళ్ళలో ఒకాయన కూతురు దగ్గరికి వెళ్ళి ఉన్నాడు, అక్కడే చేయించుకుంటానని ఫోన్లో చెప్పాడు. పన్నెండు మంది ఒకే రోజు ల్యాబుకి వెళ్ళారు. ముందు కండక్టరు గారు, వెనక వరసలో పదకొండు మాసిన గడ్డాలు. "ముందుకి జరగండి, లోపల ఖాళీ ఉంది! చెయ్యి బయట పెట్టొద్దు, లోపలికెళ్ళాక పెట్టండి!" అంటూ ఆయన తలుపు దగ్గర నిలబడ్డారు. రక్తం తీసే అమ్మాయి బిత్తరపోయింది. ఇరవై ఏళ్ళుగా బడిపిల్లల్ని ఎండలో పరిగెత్తించిన డ్రిల్లు మాస్టారు సూదిని చూడగానే ఉన్నచోటే మెత్తగా కూలబడిపోయారు. రేడియో ఆయన చెప్పుతో ఆయనకి గాలి విసురుతూ, ఇలా జరుగుతుందని తనకి ముందే తెలుసన్నారు.

రెండు రోజులకి కాగితాలొచ్చాయి. పదకొండు మందికి ఏమీ లేదు. కూతురి ఊళ్ళో ఉన్నాయనకీ లేదు. కండక్టరు గారికి ఉంది.

ఆ మాట చెప్పినప్పుడు మామయ్య ముఖం చూడలేకపోయాను. అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు. మర్నాడు ఇద్దర్నీ తీసుకుని డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. లోపలికి అడుగు పెడుతూనే మామయ్య, "నా వల్లే అమ్మా. నా రాయి వల్లే. ఆయనకేం చెయ్యాలన్నా నాకు చెప్పండి" అన్నాడు.

"నువ్వాగు" అన్నారు కండక్టరు గారు. "అమ్మా, ఇరవై ఏడేళ్ళ కిందట నాకు బస్సు ప్రమాదమైంది. రెండు సీసాల రక్తం ఎక్కించారు. అప్పుడొచ్చింది నాకిది. నా నుంచే ఆ రాయికి, రాయి నుంచి ఇతనికి. ఇతను అమాయకుడు."

"అమ్మా, ఆయన మాట వినకండి. నా కోసం అబద్ధమాడుతున్నారు."

"అబద్ధమా? ఇదిగో కుట్లు!" అని కండక్టరు గారు చొక్కా ఎత్తేశారు. "ఎవరికి ముందొచ్చింది? నేను నీకన్నా సీనియర్ని!"

"సీనియరైతే? రాయి ఎవరిది? నాది!"

"గడ్డం ఎవరిది? నాది!"

బయట వరసలో కూర్చున్నవాళ్ళు తలుపు సందులోంచి తొంగి చూడ్డం మొదలుపెట్టారు. డాక్టరమ్మ కలం కింద పెట్టి, ఇద్దర్నీ కాసేపు అలాగే వదిలేసింది. అలిసిపోయాక, "ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో, అసలు ఒకరి నుంచి ఒకరికి వచ్చిందో లేదో, నేను చెప్పలేను. మీరూ చెప్పలేరు. మందు మాత్రం ఇద్దరికీ ఒకటే" అని రెండు కాగితాల మీద ఒకటే పేరు రాసింది. "ఒక్క మంచి విషయం ఏమిటంటే, ఈయన చెప్పబట్టి మీకు తెలిసింది. లేకపోతే లివరు గట్టిపడ్డాక తెలిసేది."

కండక్టరు గారు చొక్కా దింపుకుని, "విన్నావా?" అన్నారు మామయ్యతో. మామయ్య తుండు కళ్ళకి అడ్డం పెట్టుకున్నాడు.

ఆ తర్వాత షాపు మళ్ళీ నడిచింది. కంటి ఆపరేషను కూడా అయింది. మామయ్య ఇప్పుడు రబ్బరు తొడుగులు వేసుకుని గీస్తాడు. పటికని సుత్తితో చింతగింజలంత ముక్కలు కొట్టి సీసాలో పోశాడు. మనిషికో ముక్క, వాడాక ఎవరిది వాళ్ళు ఇంటికి పట్టుకెళ్ళాల్సిందే. "ఇంటి నిండా నీ రాళ్ళే, మా ఆవిడ పారెయ్యనివ్వదు" అని రేడియో ఆయన గొణుక్కుంటారు. రోజూ సరిగ్గా ఎనిమిదింటికి కండక్టరు గారు బల్ల మీద కూర్చుని, వాచీ చూసి, "టికెట్!" అంటారు. ఇద్దరూ మాత్ర నోట్లో వేసుకుని ఒకే సీసాలో నీళ్ళు తాగుతారు. మొదట్లో బల్ల మీద అందరూ చూపు తిప్పుకునేవాళ్ళు. తర్వాత తర్వాత కండక్టరు గారు ఒక్క నిమిషం ఆలస్యం చేసినా బల్లంతా కలిసి "టికెట్! టికెట్!" అని అరవడం మొదలుపెట్టారు. అత్తయ్య చెప్పినట్టు కుర్చీ ఖాళీ కాలేదు. నెలకోసారి వచ్చేవాళ్ళు కొందరు మానేశారు గానీ, పదమూడు గడ్డాలూ తిరిగొచ్చాయి.

పద్నాలుగోది రాలేదు.

అందుకే మామయ్య బ్రెడ్డు కొనడం మొదలుపెట్టాడు. రోజూ పొద్దున షట్టరు ఎత్తేముందు బేకరీకి వెళ్ళి, వరసలో నిలబడి, ఒక బ్రెడ్డు తీసుకునేవాడు. మొదటి రెండు రోజులూ "చేయించుకున్నావా?" అని అడిగాడు. నలుగురి ముందూ ఆ మాటేమిటని బేకరీ ఆయన కస్సుమన్నాడు. మూడో రోజు నుంచి అడగడం మానేసి, కనుబొమలు మాత్రం పైకెత్తేవాడు. అవతల పిండి కనుబొమలు అడ్డంగా ఊగేవి. మామయ్య బ్రెడ్డు చంకన పెట్టుకుని వచ్చేసేవాడు.

ఇంట్లో ఆ బ్రెడ్డుతో అత్తయ్య అవస్థ ఇంతా అంతా కాదు. పాలల్లో నానబెట్టింది, గుడ్డులో ముంచి వేయించింది, పెనం మీద కాల్చింది, ఎండబెట్టి పొడి చేసి డబ్బాలకెత్తింది. మేడ మీద పావురాలకి వేస్తే మొదటి నెల తిన్నాయి, రెండో నెల నన్ను చూస్తేనే ఎగిరిపోయేవి.

"ఏవండీ, ఆయన ఇష్టం లేదన్నాక వదిలెయ్యొచ్చుగా?"

"నేనేం బలవంతం చేస్తున్నానే? బ్రెడ్డు కొంటున్నాను."

"ఇది బలవంతం కాదా? నా మీద!"

పన్నెండు వారాలు గడిచాయి, మాత్రలు అయిపోయాయి. ఇంకో మూడు నెలలాగి పరీక్ష చేశారు. డాక్టరమ్మ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, ఇద్దరి రక్తంలోనూ వైరస్ లేదంది. కండక్టరు గారు, "ఆఖరి స్టాపు! అందరూ దిగండి!" అని ఆసుపత్రి వరండా దద్దరిల్లేలా అరిచి, నర్సు చేత చీవాట్లు తిన్నారు. ఆ సాయంత్రం షాపు నిండా టీలు, నవ్వులు. మామయ్య కూడా అందరితో కలిసి నవ్వాడు. కానీ సామాను సర్దుతున్నప్పుడు వేళ్ళు మడుస్తుంటే చూశాను.

"పదమూడేనమ్మా" అన్నాడు.

మర్నాడు పొద్దున నేనూ ఆయన వెంట వెళ్ళాను. బేకరీలో అప్పుడే బ్రెడ్లు దించినట్టున్నారు, గాజు పెట్టె మీద ఆవిరి పట్టి ఉంది. వరస ముందుకు జరిగింది. మామయ్య కనుబొమలు ఎత్తాడు. బేకరీ ఆయన అటూ ఇటూ చూశాడు. ఎవరూ చూడ్డం లేదని రూఢి చేసుకుని, బ్రెడ్డుతో పాటు సంచిలో ఒక మడతపెట్టిన కాగితం పడేశాడు.

"ఏంట్రా ఇది?"

"చూడు."

మామయ్య కొత్త కంటితో తనే చదువుకున్నాడు. చదివి, నా చేతికిచ్చి మళ్ళీ చదవమన్నాడు. ఊరికి ఆ చివర్న ఏదో ల్యాబు కాగితం. ఏమీ లేదని ఉంది.

"ఒరేయ్ తమ్ముడూ!" అని మామయ్య గల్లా మీదుగా వంగి రెండు చేతులతో ఆయన చెంపలు పట్టుకున్నాడు. చేతుల నిండా పిండి. నేను మాత్రం కాగితం పైన ఉన్న తారీఖు చూశాను.

"ఇది పది రోజుల కిందటిది మామయ్యా" అన్నాను, మెల్లిగా.

మామయ్య చేతులు తీసేశాడు. "పది రోజులా? పది రోజుల నుంచీ నేను కనుబొమలు ఎత్తుతుంటే నువ్వు తల అడ్డంగా ఊపుతున్నావా? రోజుకో బ్రెడ్డు కొనిపించావా?"

బేకరీ ఆయన గాజు పెట్టెని గుడ్డతో తుడవడం మొదలుపెట్టాడు. అక్కడ తుడవడానికేమీ లేదు.

"బ్రెడ్డు కోసం కాదన్నయ్యా. ఆ రోజు అలా మాట్లాడి, నీ షాపుకి ఏ మొహం పెట్టుకుని రాను? ఇలాగైనా రోజూ ఒకసారి కనిపిస్తున్నావు. అయిపోయిందని చెప్తే ఇక రావు గదా."

మామయ్య నిజానికి తిడతాడనుకున్నాను. "వచ్చి కుర్చీలో కూర్చోవడానికి మొహం ఎందుకురా, గడ్డం చాలు. రేపు ఏడింటికి" అని, బ్రెడ్డు తీసి మళ్ళీ గల్లా మీద పెట్టేశాడు. "ఇది నువ్వే తిను."

ఇంటికొచ్చి ఈ సంగతి మామయ్య ఎంతో మురిసిపోతూ అత్తయ్యకి చెప్పాడు. కాగితం చూపించాడు. పద్నాలుగు వేళ్ళు లేవు కాబట్టి నా వేళ్ళు నాలుగు అరువు తీసుకుని లెక్క చూపించాడు. అత్తయ్య అంతా విని, కాగితం మీద తారీఖు తన కళ్ళతో చూసింది.

"పది రోజులు" అంది. "పది బ్రెడ్లు. అందులో నిన్నటిది ఇంకా పెనం మీద ఉంది."

స్టవ్ ఆపేసి, చెప్పులేసుకుని, బేకరీ వైపు బయల్దేరింది.